రాయడం కాపరి పనిలో భాగమేనా?

బ్రదర్, వందనాలు.

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ చెప్తాను. చదివే మిగతా పాస్టర్లకు కూడా విషయం తెలియాలి కదా. మీరు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక చిన్న సంఘాన్ని చూస్తున్నారు. మీకు రాయడం ఇష్టం, ఒక పుస్తకం తేవాలని ఉంది. సంఘ పెద్దల్లో ఒకాయన మాత్రం "పాస్టరు గారి పని ప్రార్థన, వాక్యం, విజిటింగ్. మీరు రాసుకుంటూ కూర్చుంటే మా ఇళ్లకు ఎవరొస్తారు?" అన్నారు. ఆ మాట మీకు గుచ్చుకుంది. రాయడం పరిచర్యలో భాగమా, లేక అది మన సొంత సరదానా? రాస్తే ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి, అచ్చు సంగతి ఏంటి? ఇవీ మీరు అడిగినవి.

నేను గుంటూరులో, చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఏళ్లు సంఘ కాపరిగా పనిచేసి రిటైరయ్యాను. రాయడం పరిచర్యలో భాగమే అని గట్టిగా నమ్ముతాను. అయినా ఆ పెద్దాయన మాటను తోసెయ్యకండి. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. మీరు రాసేది విజిటింగ్‌లోంచి పుట్టి మళ్లీ ఆ ఇళ్లకే చేరుతుంటే అది కాపరి పని. ఇళ్లతో సంబంధం లేకుండా గదిలో పుట్టి, ఎవరో తెలియని పాఠకుల కోసం వెళ్లిపోతుంటే అదీ మంచి పనే కావచ్చు, కానీ దాన్ని విజిటింగ్ మానేసి చేసే హక్కు మనకు లేదు.

కొత్త నిబంధనలో 27 పుస్తకాలు ఉంటే అందులో 21 పత్రికలే, అంటే ఉత్తరాలే. వాటిని ఒకసారి సిద్ధాంతం కోసం కాకుండా, ఒక కాపరి పనిలో ఉన్నప్పుడు రాసిన ఉత్తరాలుగా చదవండి. కొరింథీయులకు మొదటి పత్రిక ఎందుకు రాయాల్సి వచ్చింది? సంఘంలో కలహాలు ఉన్నాయని క్లోయె అనే ఆమె ఇంటివాళ్లు అపొస్తలుడు పౌలుకు చెప్పారు. ఏడో అధ్యాయానికి వచ్చేసరికి మీరు రాసిన వాటి విషయం అంటూ మొదలుపెడతాడు. అంటే వాళ్లు ఉత్తరంలో ప్రశ్నలు పంపారు, ఈయన ఒక్కోదానికి జవాబిస్తున్నాడు. పెళ్లి చేసుకోవాలా వద్దా, విగ్రహాలకు పెట్టింది తినొచ్చా, ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్లు లేనివాళ్లను చిన్నచూపు చూస్తుంటే ఏం చేయాలి? ఇవన్నీ మీరు విజిటింగ్‌లో వినే మాటలే. ఫిలేమోను పత్రిక 25 వచనాలు. ఒక ఇంటి యజమానికీ, ఆయన దగ్గరి దాసుడికీ మధ్య రాజీ కోసం రాసిన ఉత్తరం అది. ఒక కుటుంబ తగాదా తీర్చడానికి కాపరి రాసిన ఒక పేజీ ఈ రోజు మన బైబిల్లో ఉంది.

ఇంకోవైపు యోహాను తన రెండో పత్రిక చివర, చెప్పాల్సింది చాలా ఉన్నా కాగితంతో, సిరాతో చెప్పడం తనకు ఇష్టం లేదనీ, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతాననీ రాశాడు. మీ పెద్దాయన అన్నది ఈ మాటే. వెళ్లగలిగితే వెళ్లాలి. వెళ్లలేకపోతే రాయాలి. వెళ్లొచ్చాక కూడా చెప్పకుండా మిగిలిపోయింది ఉంటే అదీ రాయాలి.

మన గుంటూరు వాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ వచ్చి మొదలుపెట్టిన ఇక్కడి లూథరన్ సంఘాల్లో, కన్ఫర్మేషన్‌కు (సంఘంలో పూర్తి సభ్యులు కావడానికి) సిద్ధపడే పిల్లలు చదివే చిన్న కేటికిజం ఒకటి ఉంది, విశ్వాసం గురించిన ప్రశ్నలు, జవాబుల పుస్తకం. మార్టిన్ లూథర్ రాసిన ఆ పుస్తకం ఎలా పుట్టిందో చూడండి. జర్మనీలోని సాక్సనీలో సంఘాల పరిస్థితి ఎలా ఉందో చూడడానికి వెళ్లిన వాళ్లలో లూథర్ ఒకడు. అది 1528. పల్లెల్లో జనానికి పది ఆజ్ఞలు రావు, విశ్వాస ప్రమాణం రాదు, ప్రభువు నేర్పిన ప్రార్థన రాదు. కొన్నిచోట్ల పాస్టర్లకే సరిగా రాదు. అది చూసి వచ్చి, 1529లో ముందు గోడకు అంటించుకునే పెద్ద కాగితాలుగా, తర్వాత చిన్న పుస్తకంగా తెచ్చాడు. ఇంటిపెద్ద తన ఇంట్లో వాళ్లకు తేలిగ్గా నేర్పించేలా రాశాడు. పొద్దున లేవగానే ఏ ప్రార్థన, పడుకోబోయే ముందు ఏ ప్రార్థన, అన్నం ముందు ఏం చెప్పాలి, అంతా అందులో ఉంది. అప్పటికే ఆయన పండితుల కోసం ఎన్నో గ్రంథాలు రాసి ఉన్నాడు. ఈ చిన్న పుస్తకం మాత్రం ఇళ్లు, ఊళ్లు తిరిగి వచ్చినందువల్ల పుట్టింది. ఈ సంగతి మీ పెద్దాయనకు తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు ఏం రాయాలి అన్న దగ్గరికి వద్దాం. ముందు ఉత్తరం రాయండి. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం.

మన దగ్గర ఒక ఇంట్లో మరణం జరిగితే ఏమవుతుందో మీరు చూస్తూనే ఉంటారు. భూస్థాపన రోజు వీధంతా జనం. ఆదరణ కూడిక దాకా బంధువులు ఉంటారు, పాటలు, ప్రసంగాలు, భోజనాలు. ఆ తర్వాత షామియానా విప్పేస్తారు, కుర్చీలు వెళ్లిపోతాయి, కొడుకు హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఆ ఇంట్లో ఒక్కరే మిగిలినప్పుడు అసలు దుఃఖం మొదలవుతుంది. మీరు వెళ్తారు, ప్రార్థన చేస్తారు. కానీ అర్ధరాత్రి నిద్ర పట్టనప్పుడు మీరు అక్కడ ఉండరు. బైబిల్లో పెట్టుకున్న మీ ఉత్తరం ఉంటుంది. అందుకే మరణం జరిగిన నెల తర్వాత ఒకటి, మొదటి సంవత్సరం నిండేటప్పుడు ఒకటి రాయమంటాను. ఫోన్‌లో మెసేజ్ కాదు, చేతితో రాసిన కాగితం. మెసేజ్ నాలుగు గుడ్ మార్నింగ్‌ల కింద పడి కనిపించకుండా పోతుంది.

ఎలా రాయాలో అర్థం కావడానికి ఒక నమూనా ఇస్తాను. భర్త పోయిన ఒక అమ్మకు రాస్తున్నామనుకోండి:

"అమ్మా, నేను, మీ పాస్టరు, రాస్తున్నాను. మీ ఆయన మనల్ని విడిచి వెళ్లి నెల దాటింది. ప్రతి ఆదివారం ఆయనే అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేవారు. మొన్న ఆదివారం చాపలు పరుస్తున్న కుర్రాళ్లు ఆయన పేరు తలుచుకుంటుంటే విన్నాను. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది. ఆయన ఇంత త్వరగా ఎందుకు వెళ్లిపోయారో నాకు తెలియదు. లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడని మాత్రం తెలుసు. మీరు ఏడ్చినంత మాత్రాన మీ విశ్వాసం తగ్గినట్టు కాదు. వచ్చే గురువారం సాయంత్రం నేనూ అమ్మగారూ మీ ఇంటికి వస్తాం. పింఛను కాగితాలు తీసి ఉంచండి, కూర్చుని నింపుదాం. రాత్రి ప్రార్థనకు మాటలు రాకపోతే ఇది చదువుకోండి: ప్రభువా, ఈ ఇల్లు ఖాళీగా ఉంది. నువ్వు ఇక్కడే ఉన్నావని నమ్మడానికి నాకు సాయం చెయ్యి. ఆమేన్."

ఇందులో ఏం ఉంది, ఏం లేదు గమనించండి. పోయిన మనిషి గురించి మీరు కళ్లారా చూసిన ఒక నిజం ఉంది. బైబిల్ వాక్యం ఒక్కటే ఉంది. దేవుడు ఎందుకు ఇలా చేశాడో వివరించే ప్రయత్నం లేదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు మనం ఇచ్చే వివరణలు చాలాసార్లు మనకు ఊరట కోసమే. వాళ్లకు అవి బరువు. మళ్లీ ఎప్పుడు వస్తామో ఉంది, అంటే ఆ ఉత్తరం విజిటింగ్‌కు బదులుగా రాలేదు, దానికి ముందు వచ్చింది. చివర ఆమె తన నోటితో చదువుకోగల చిన్న ప్రార్థన ఉంది.

పింఛను కాగితాల మాట ఊరికే పెట్టలేదు. మన సంఘాల్లో ఎంతమందికి వార్డు సచివాలయంలో ఇవ్వాల్సిన అర్జీ రాసుకోవడం రాదో మీకు తెలుసు. స్కూల్లో ఫీజు గడువు అడగాలన్నా, ఆస్పత్రిలో ఒక కాగితం కావాలన్నా వాళ్లు మన దగ్గరికే వస్తారు. ఆ అర్జీ కూడా కాపరి రాతే. దాన్ని చిన్న పని అనుకోకండి. స్పష్టంగా, మర్యాదగా, విషయం మొదటి వాక్యంలోనే తెలిసేలా రాయడం అక్కడే బాగా అలవాటవుతుంది.

ఊరు విడిచి వెళ్లిన వాళ్లకు కూడా రాయండి. యిర్మీయా 29వ అధ్యాయం బబులోనుకు చెరపట్టబడి పోయిన వాళ్లకు ప్రవక్త పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని రాశాడు. ఎంత ఆచరణలో పెట్టదగిన మాటలో చూడండి. మీ సంఘంలో ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. అక్కడ ఏ సంఘానికి వెళ్తున్నారు, హాస్టల్లో ఒంటరిగా ఉన్నారా, ఉద్యోగం పోయిందని అమ్మానాన్నలకు చెప్పలేక దాస్తున్నారా? వీళ్లకు వాట్సాప్ చాలు. కానీ గ్రూపులో పెట్టే మెసేజ్ కాకుండా, పేరు పెట్టి ఆ ఒక్కరికే రాయండి.

భూస్థాపనలో చదివే జీవిత విశేషాల గురించి ఒక మాట. సాధారణంగా మనం పుట్టిన తేదీ, బాప్తిస్మం, పెళ్లి, పిల్లలు, మనవళ్లు, ప్రభువునందు నిద్రించిన సమయం చెప్పి ముగిస్తాం. అది తప్పు కాదు, కానీ ఒక మనిషిని దేవుడు డెబ్భై ఏళ్లు నడిపిస్తే మనం చెప్పగలిగింది అంతేనా? ఇంటివాళ్లను కొంచెం అడగండి. ఆమె ఏ పాట ఎక్కువగా పాడేది? ఎవరి కోసం ఎక్కువ ప్రార్థన చేసేది? ఏం పని చేసి పిల్లలను పెంచింది? గుంటూరు మిర్చి యార్డులో కాయలు తొడిమలు తీసి ముగ్గురు పిల్లలను చదివించిన తల్లి ఉంటే, ఆ సంగతి గుడిలో అందరి ముందూ గట్టిగా చదవాలి. ఆ తొడిమలు తీసిన చేతుల మంట గురించి కూడా చదవాలి. ఆ కాగితం చివర మీ సంతకం పెట్టి కుటుంబానికి ఇవ్వండి. చాలా ఇళ్లలో ఆ తల్లి గురించి ఎవరైనా రాసిన కాగితం అదొక్కటే అవుతుంది.

తర్వాత ఇంటి కూడికల కోసం ఒక పేజీ కాగితం. వారానికి ఒకటి చాలు. ఒక వాక్యభాగం, దాని మీద నాలుగైదు పేరాలు, మాట్లాడుకోవడానికి రెండు మూడు ప్రశ్నలు, ఒక ప్రార్థన, పాట నంబరు. ఇది రాసేటప్పుడు ఒక విషయం మనసులో ఉంచుకోండి. దీన్ని కళ్లతో చదివేవాళ్ల కంటే చెవులతో వినేవాళ్లే ఎక్కువ. నాయనమ్మకు చదువు రాదు, తాతయ్యకు కళ్లు కనిపించవు. చదివేది ఎనిమిదో తరగతి మనవరాలు. ఆ పిల్లది ఇంగ్లీష్ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. మీ వాక్యం మూడు లైన్లు ఉంటే ఆ పిల్ల మధ్యలో ఆగిపోతుంది, వింటున్న వాళ్లకు మొదలు మర్చిపోతుంది. కాబట్టి వాక్యాలు చిన్నవిగా ఉండాలి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వాక్యాల మధ్య ఖాళీ ఉండాలి. ముసలివాళ్ల కోసం ఇచ్చే ప్రార్థన కాగితమైతే అక్షరాల సైజు 18 పాయింట్ల కంటే తగ్గించొద్దు. పౌలు కూడా థెస్సలొనీకయులకు రాస్తూ, ఈ పత్రికను సహోదరులందరికీ చదివి వినిపించండని ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. సంఘంలో రాత అంటే మొదటి నుంచీ చదివి వినిపించేదే.

చదువు రానివాళ్ల దగ్గరికి రాత ఎలా వెళ్తుందో చూపించినవాడు పురుషోత్తమ చౌదరి గారు. ఆయన కాలం 1803 నుంచి 1890. సువార్త పనిలో ఉంటూ కీర్తనలు రాశారు. ఈ రోజుకీ లూథరన్, సి.ఎస్.ఐ., బాప్టిస్టు తేడా లేకుండా పాడుతున్నాం. పలక పట్టని ముత్తవ్వలు కూడా ఆ కీర్తనల్లోంచే క్రీస్తు ఎవరో, రక్షణ ఏమిటో నేర్చుకున్నారు. మీకు పాట రాసే వరం ఉంటే అది వేరే సంగతి. లేకపోతే బలవంతంగా ప్రాసలు కలపకండి. రోజూ చెప్పుకోవడానికి నాలుగు వాక్యాల ప్రార్థన రాసి, అది నోటికి వచ్చేదాకా కూడికలో అందరితో చెప్పించండి.

భాష దగ్గర మనవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. మనం చిన్నప్పటి నుంచి చదివిన బైబిల్ భాష గ్రాంథికం. ఆ భాష మీద నాకు ఎంతో ప్రేమ. కీర్తనలు ఆ భాషలోనే నా గుండెలో ఉన్నాయి. బైబిల్ వాక్యాన్ని ఎత్తి రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి, ఒక్క అక్షరం మార్చొద్దు. కానీ మీ సొంత మాటలు కూడా ఆ ధోరణిలో రాయడం మొదలుపెడితే ఎక్కడ వాక్యం అయిపోయిందో, ఎక్కడ పాస్టరు గారి మాట మొదలైందో వినేవాళ్లకు తెలియదు. అది భాష సమస్య ఒక్కటే అయితే నేను ఇంత చెప్పను. మన అభిప్రాయానికి దేవుని మాటకున్న అధికారం దొంగతనంగా వచ్చేస్తుంది. మీరు ఇంటి అరుగు మీద కూర్చుని ఎలా మాట్లాడతారో అలా రాయండి. ప్రవక్త హబక్కూకుతో దేవుడు, చదివేవాడు పరుగెత్తుతూ చదవగలిగేలా పలక మీద స్పష్టంగా రాయమన్నాడు. రాశాక పాస్టరమ్మ గారికి చదివి వినిపించండి. ఆమె ఎక్కడ "ఏమన్నారు?" అని అడిగితే అక్కడ మార్చాలి.

ఇప్పుడు చాలా ముఖ్యమైన విషయం. దీని దగ్గర దయచేసి నెమ్మదిగా చదవండి. ప్రార్థన కోసం మీ దగ్గర చెప్పుకున్న సంగతి రాతలోకి రాకూడదు. పేరు మార్చి రాస్తాం కదా అనుకుంటారు. ఎనభై, వంద కుటుంబాలున్న సంఘంలో పేరు మారిస్తే ఏం లాభం? "తాగుడు మానలేకపోతున్న ఒక సహోదరుడు, ఆటో నడుపుతాడు" అని రాస్తే ఆదివారం లోపు ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఆ భార్య మళ్లీ మీ దగ్గర నోరు విప్పదు. ఇంకెవరూ విప్పరు. సాక్ష్యం రాయాలనుకుంటే ఆ మనిషి దగ్గరికి వెళ్లి, మీరు రాసింది చదివి వినిపించి, ఒప్పుకుంటేనే వేయండి. ఒప్పుకున్నా, ఆయన పిల్లలకు అది ఎలా ఉంటుందో మీరు ఇంకోసారి ఆలోచించండి. బాప్తిస్మం ఫోటోలు కూడా అంతే. అడగకుండా ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. ఒక అమ్మాయి నిర్ణయం ఆమె పుట్టింట్లో ఇంకా చెప్పి ఉండకపోవచ్చు. ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్ల ఫోటో, రోగం పేరు గ్రూపులో పెట్టి ప్రార్థించమనడం మన సంఘాల్లో ఎక్కువైపోయింది. "ఒక సహోదరి కోసం ప్రార్థించండి" అంటే చాలు. ఆమె ఎవరో దేవుడికి తెలుసు.

రిజిస్టర్ల గురించి కూడా చెప్పాలి. ఎవరూ దీన్ని రాత అనుకోరు, కానీ కాపరి చేతి రాతల్లో ఎక్కువ కాలం నిలిచేది ఇదే. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ ప్రకారం లైసెన్సు ఉన్న పాస్టరు పెళ్లి చేస్తే రిజిస్టరులో నమోదు చేయాలి, సాక్షుల సంతకాలు ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత పాస్‌పోర్టు కోసమో, ఆస్తి కోసమో ఆ కుటుంబం ఆ పేజీ వెతుక్కుంటూ వస్తుంది. ఇంటిపేరు, తండ్రి పేరు, తేదీ ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. కొట్టివేతలు వద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ సింగ్‌నగర్‌నే ముంచింది. కింది అంతస్తుల్లో ఉన్న కాగితాలు ఏమయ్యాయో నాకంటే మీకే బాగా తెలుసు. రిజిస్టర్లను ఎత్తయిన బీరువాలో పెట్టి, ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీసి రెండుచోట్ల దాచండి. ఆ వరద గురించి మీకు ఇంకో పని కూడా చెప్తాను. మీరు మొదటి పుస్తకం ఏం రాయాలా అని ఆలోచిస్తున్నారు కదా, నేనైతే అదే రాయమంటాను. ఆ రోజుల్లో మీ సంఘంలో ఎవరు ఏం పోగొట్టుకున్నారు, ఎవరు ఎవరిని మేడ మీదికి చేర్చారు, ఎవరి ఇంట్లో వంట చేసి పక్కింటి వాళ్లకు కూడా పెట్టారు, చీకట్లో ఏ కీర్తన చదువుకున్నారు, నీళ్లు తీసేశాక మొదటి ఆరాధన ఎక్కడ జరిగింది, ఇవన్నీ వాళ్ల నోటితో విని రాయండి. దేవుడి మీద కోపం వచ్చిందని ఎవరైనా చెప్తే అదీ రాయండి, కీర్తనల గ్రంథంలో అలాంటి మాటలు బోలెడు ఉన్నాయి. లూకా తన సువార్త మొదట్లో, కళ్లారా చూసినవాళ్లు చెప్పినవాటిని మొదటి నుంచి జాగ్రత్తగా పరిశీలించి వరుసగా రాస్తున్నానని చెప్పుకున్నాడు. మీరూ అలా చేయండి. ఇల్లిల్లూ తిరగకుండా ఈ పుస్తకం రాయలేరు. మీ పెద్దాయన ఇక విజిటింగ్ లేదని అనలేరు.

ప్రసంగం పూర్తిగా రాసుకోవాలా, పాయింట్లు చాలా అన్నది ఎవరి పద్ధతి వాళ్లది. నేను మాత్రం మొదటి రెండు పేరాలు, చివరి పేరా మాటకు మాట రాసుకోమంటాను. ఎక్కువ సమయం తినేవి అవే. నెలకు ఒక ప్రసంగమైనా పూర్తిగా రాయండి. రాస్తే మనకు ఏది అర్థం కాలేదో బయటపడుతుంది. మాట్లాడేటప్పుడు గొంతు పెంచి దాటేసే చోట్లు కాగితం మీద దాటలేం. అగస్టీను ఒక ఉత్తరంలో, ఎదుగుతూ రాసేవాళ్లలో, రాస్తూ ఎదిగేవాళ్లలో తానూ ఒకడిగా ఉండాలని ప్రయత్నిస్తున్నానని రాశాడు. ఆయన పూర్వం ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణంలో బిషప్పు. తగాదాలు తీర్చడానికీ జనాన్ని కలవడానికీ రోజులో ఎక్కువ భాగం పోయేది. అందువల్ల తీరిక లేదు అనే మాట మనం చెప్పడం కష్టం.

వేరేవాళ్ల ప్రసంగం నచ్చి వాడుకుంటే వాళ్ల పేరు చెప్పండి. వాట్సాప్‌లో వచ్చింది మన పేరుతో తిప్పడం, ఫోన్‌లో ఏఐ రాసిచ్చిన ప్రార్థనను మన హృదయంలోంచి వచ్చినట్టు చదవడం అబద్ధమే, అది ప్రసంగ వేదిక మీద అయినా సరే. మీ వీధి చివర ఉన్న విధవరాలి ఇంట్లో ఏం జరుగుతోందో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆ ప్రార్థన మీరే రాయాలి. పాటల సంగతి కూడా చూసుకోండి. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. పాత కీర్తనలు వేసుకోవచ్చు. ఇప్పటివాళ్ల పాటలకు అనుమతి అడగాలి.

సమయం సంగతికి వస్తే, పొద్దున ప్రార్థన అయ్యాక, ఫోన్ ముట్టుకోకముందు ఒక అరగంట చాలు. సోమవారం మాత్రం ఇంకొంచెం ఎక్కువ తీసుకోండి. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఎవరు ఏం అడిగారో, విజిటింగ్‌లో ఏం విన్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. పేర్లు పొడి అక్షరాల్లో ఉంచండి, ఆ పుస్తకం ఎవరి చేతికీ దొరకనివ్వొద్దు. ఒకే ప్రశ్న మూడు ఇళ్లలో వినిపిస్తే, దాని మీద ఒక పేజీ రాయాల్సిన టైమ్ వచ్చిందని అర్థం. పొద్దున రాసుకునే సమయంలో ఎవరైనా ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తే పెన్ను మూసి వెళ్లండి. దాని గురించి రెండో ఆలోచన అక్కర్లేదు. ఈ పద్ధతిని కమిటీ మీటింగులో ముందే చెప్పేయండి. చాటుగా రాస్తేనే అనుమానాలు వస్తాయి. మిమ్మల్ని ప్రశ్నించిన ఆ పెద్దాయనకే ఇంటి కూడిక కాగితం ముందుగా చదవమని ఇవ్వండి. "ఈ మాట మనవాళ్లకు అర్థమవుతుందా అండీ?" అని అడగండి. ఆయనకు సంఘం గురించి మీకంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చు.

ఇక అచ్చు. అప్పు చేసి వెయ్యి కాపీలు వేయించకండి. మంచం కింద కట్టలు పెట్టుకుని అప్పు తీర్చే పాస్టర్లను గుంటూరులో, విజయవాడలో నేను చూశాను. వాళ్ల ఇంటావిడల ముఖాలు చూస్తే బాధేస్తుంది. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలు కూడా వేస్తారు. ముందు అలా మొదలుపెట్టండి. మధ్యలో పిన్ను కొట్టే చిన్న పుస్తకమైతే పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి, లేకపోతే చివర తెల్ల పేజీలు మిగులుతాయి. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి పంపితే డి.టి.పి. వాళ్లు చాలాచోట్ల అను ఫాంట్లలోకి (అచ్చు పనికి వాడే వేరే రకం తెలుగు అక్షరాల్లోకి) మారుస్తారు. అలా మార్చినప్పుడు ఒత్తులు, గుడులు, అంకెలు తారుమారవుతాయి. అందుకే ఫోన్‌లో ఒకసారి చూశాం కదా అని వదలకండి. ఫైనల్ ప్రూఫ్ కాగితం మీద తీసుకుని, ఒకరు బైబిల్ పట్టుకుని వచనాల నంబర్లు చూస్తుంటే ఇంకొకరు పైకి చదవండి. వచనం నంబరు తప్పుపడితే, దాన్ని నమ్మి బైబిలు తీసిన మనిషికి వేరే మాట దొరుకుతుంది.

కవర్ మీద మీ ఫోటో వద్దనే నా సలహా. సంఘం పేరు, చర్చి అడ్రసు ఉంటే చాలు. వెల కాగితం, అచ్చు ఖర్చు వచ్చేంత మాత్రమే పెట్టండి, లేనివాళ్లకు ఊరికే ఇవ్వండి. ఆవిష్కరణ సభ, శాలువాలు, ఫ్లెక్సీ ఇవేమీ అవసరం లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొకటి ఇవ్వండి. మంచంలో ఉండి గుడికి రాలేని వాళ్ల కాపీలు సంచిలో వేసుకుని ఆ వారం విజిటింగ్‌లో మీరే తీసుకెళ్లి, కూర్చుని ఒక పేజీ చదివి వినిపించి రండి.